ఎదురుకాళ్ల అండాలు

తొర్రూరులో అండాలు ఇల్లెక్కడని అడిగినవాణ్ని ఎవరూ ఎందుకని అడిగేవాళ్లు కాదు. నడుము పట్టిందని తెలిసిపోయేది. అండాలు తల్లి కడుపులోంచి కాళ్లు ముందుపెట్టి వచ్చింది. అలా పుట్టినవాళ్లు తంతే పట్టిన నడుము విడుస్తుందని అక్కడి నమ్మకం. ఇంకేం, ఏడేళ్ల పిల్లప్పటి నుంచీ ఆదివారం వస్తే చాలు, మీసాలు మెలేసే పెద్దమనుషులంతా గోడ పట్టుకుని ఆమెకు వీపు చూపేవాళ్లు! మూడు తన్నులు తిని, దండం పెట్టి పోయేవాళ్లు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూసిననాడు ఆమె కొడుకు వెంకట్రాం ఆరేళ్లవాడు. ఇరవై మూడేళ్లకు వాడి నడుమే పట్టింది. పొద్దున్నే కట్టెలా బిగుసుకుని లేచేవాడు. తల్లి తన్నేది. నాలుగడుగులు తిరిగేసరికి సడలేది. తిరిగితే సడలడం ఆ జబ్బు గుణమేనని పాపం ఆమెకేం తెలుసు? తన కాలి మహిమే అనుకుని రెండేళ్లు తన్నింది. వాడు నానాటికీ బిగుసుకుపోయాడు.

చివరికి హైదరాబాదు పోయారు. డాక్టర్ లక్ష్మీకాంత్ ఎక్స్‌రే తీయించి, ఇద్దరి రక్తమూ పరీక్ష చేయించాడు.

"ఒంట్లో ప్రతి కణమూ తన లోపలి ముక్కలను పైకి తెచ్చి కాపలా కణాలకు చూపిస్తుందమ్మా. రోగం చొరబడితే అవి పట్టుకుంటాయి. అలా చూపించే పని కొన్ని జన్యువులది. అందులో బి ఇరవై ఏడు అనే రకం ఉన్నవాళ్లలో కొందరికి ఆ కాపలా సొంత ఎముకల మీదే పడుతుంది. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు."

"గది వీనికి ఎవల్నుంచి వచ్చింది సారూ?"

"నీకూ ఉంది. నీ నుంచే వచ్చినట్టుంది. ఉన్నా చాలామందికి ఏమీ కాదు, నీ తప్పేం లేదు. మందులు రాస్తా, రోజూ వ్యాయామం చెయ్యాలి. తన్నడం మాత్రం ఆపు. వెన్నుపూసలు అతుక్కుంటున్నాయి. గట్టిగా తగిలితే విరిగి, కాళ్లు పడిపోతాయి."

మరుసటి ఆదివారం వచ్చినవాళ్లను అండాలు వాకిట్లోనే కసిరింది. "దవాఖానకు పోండ్రి! నా కాలుల ఏం లేదు!"

వాళ్లు గొణుక్కుంటూ పోయాక చూస్తే, వెంకట్రాం గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాకొక్కనికన్న తన్నవ్వా. జర మెల్లగ."

"తన్న బిడ్డా. నడువు, బయట తిరిగొద్దాం."

"ఊరందరికి తన్నితివి. నాకాడికొచ్చే సరికి కాలు లేస్తలేదా?"

వెనక్కి చూద్దామంటే వాడి మెడ తిరగలేదు. అమ్మ ఏడుస్తున్నదని తెలియడానికి, గోడ వదిలి, మనిషంతా తిరగాల్సి వచ్చింది.