చుక్కలున్న నవల

అమెరికాలో, ప్లెయిన్స్‌బరో ఊరి లైబ్రరీలో మా మనవరాలు నిత్య నన్ను ఒక పెద్దాయనకు పరిచయం చేసింది. ఆయన ఇరాన్ రచయిత. సెన్సారును ఎదిరించినందుకు దేశం విడిచి రావలసి వచ్చిందట. అక్కడ అచ్చయిన తన నవలను తెరిచి చూపించారు. ఆ లిపి నాకు రాదు. కానీ పేజీలో అక్కడక్కడ వరసగా చుక్కలు కనిపించాయి.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట. మా వయోజన విద్య వాచకంలో చుక్కలుంటే అక్కడ మనమే రాయాలి.

"ఖాళీలు పూరించాలా? జవాబులు వెనకున్నాయా?" అని అడిగాను.

నిత్య తల పట్టుకుంది. "అయ్యో అమ్మమ్మా, ఇది వర్క్‌బుక్ కాదు! గవర్నమెంట్ వాళ్ళు కట్ చేసిన లైన్స్ అవి."

నేనేమన్నానో ఆయన అడిగి చెప్పించుకున్నారు. నవ్వలేదు. ఆయన జవాబును నిత్య తెలుగులో చెప్పింది. "ఆయన చేత్తో రాసిన కాగితాలు అక్కడే పోయాయంట. కొన్ని లైన్స్ ఆయనకే గుర్తు లేవంట. చదివినవాళ్ళెవరో పెన్సిల్‌తో ఫిల్ చేసి ఈ కాపీ పంపారంట."

"సరిగ్గా రాశారా?"

ఆయన మరో పేజీ తెరిచి, చుక్కల మీది సన్నని పెన్సిల్ రాతపై వేలుంచారు.

"ఈ సెంటెన్స్ నాది కాదు, కానీ నేను కొట్టెయ్యను, అంటున్నారు," అంది నిత్య.