కాయలు మాగే గది

చాట్రాయిలో అత్తగారింట్లో ఉండేవాళ్లం. మా కవలలకు రెండేళ్లు. నేను బాత్రూంలో ఉన్నా తలుపు బాదేవారు. ఇంటినిండా రసాల మామిడిపళ్లున్నా నాకు దక్కేది వాళ్లు చీకి పారేసిన టెంకే!

ఓ మధ్యాహ్నం పిల్లల్ని మావారికి అప్పగించి, వరిగడ్డిలో కాయలు మాగేసిన గదిలో దూరాను. ఊరికే తలుపు తీస్తే లోపలి వేడి పోతుందని అటు ఎవరూ రారు. ఓ పండు మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, కళ్లు మూసుకుని జుర్రాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు.

పిల్లల ఏడుపుకి మెలకువొచ్చింది. "నూతి దగ్గర కూడా లేదమ్మా!" మావారు పెరట్లోంచి కేకేస్తున్నారు. అంతలో తలుపు తెరుచుకుంది. అత్తయ్య! నా మోచేతుల దాకా రసం, జుట్టునిండా గడ్డి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ ఇంకో పండు ఏరి నా చేతిలో పెట్టి, తలుపేసేశారు.

"అమ్మాయి ఇంట్లోనే ఉంది, వస్తుందిలే. ఈ తలుపు మాత్రం తీయకండి, లోపల కాయలు మాగుతున్నాయి" అనడం వినిపించింది.

ఇప్పుడు మైలవరంలో ఉద్యోగం, అపార్టుమెంటు, పిల్లల హోంవర్కులు. ఫ్రిజ్‌లో రసాలున్నాయి. వేసుకోవడానికి తలుపులూ ఉన్నాయి. బయట నిలబడి ఆ మాట అనడానికి అత్తయ్యే లేరు.