తెల్ల సొరను మరిపించిన చుంచెలుక

ఈ సాయంత్రం మందమర్రిలో మా ఇంట్లో నేనూ బాపూ టీవీలో తెల్ల సొర గురించి చూస్తున్నాం. అంత చేప, అన్ని పళ్లు! నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. పిల్లల్ని కన్నాక వాటి మొహం కూడా చూడదని అందులో చెప్పారు.

అప్పుడే గోడ వారగా ఒక చుంచెలుక వచ్చింది. దాన్ని వెనక నుంచి నోటితో పట్టుకుని ఒక పిల్ల, ఆ పిల్లను పట్టుకుని ఇంకొకటి, అలా నాలుగు. నేను చీపురు ఎత్తాను. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసిన బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగు బిడ్డా! పట్టాల మీద బొగ్గు టబ్బులు పోతున్నయ్. ఆఖరి టబ్బు దాటేదాక ఎవ్వలు కదులద్దు. బాయిల గదే కాయిదా.”

“అది చుంచు బాపూ, కంపు కొడ్తది!”

“కొట్టనీ. గంత పెద్ద సొర ఒక్క పిల్లను సాదలే. గిది ఒక్కదాన్నన్న ఇడిసిందా?”

అంతలో చివరి పిల్ల పట్టు జారింది. తల్లి ఆగిపోయింది. ఆ పిల్ల తడుముకుంటూ వచ్చి మళ్లీ పట్టుకున్నాకే వరుస కదిలింది. చీపురు పట్టుకుని నేనూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. టీవీలో సొర ఏం చేసిందో ఇద్దరం చూడలేదు.

ఇప్పుడవి మా బియ్యం డబ్బా వెనక కాపురం పెట్టాయి. చీపురేమో బాపు మంచం కింద ఉంది. మీరైతే ఏం చేసేవాళ్లు?