కరక్కాయ గూడు

పెడనలో అద్దకం పనివాళ్ళని ఎవరినడిగినా తాతారావు చెయ్యి గురించి మంచిమాటే చెబుతారు. రంగు పూసిన చెక్క అచ్చుని గుడ్డమీద ఆనించి పిడికిలితో ఒక్క పోటు వేశాడంటే, పువ్వు పక్కన పువ్వు అతుకు కనబడకుండా కూర్చుంటుంది. నోరు మాత్రం అంత కుదురైంది కాదు. అచ్చు చెక్కినవాణ్ణి, మబ్బుని, పోయిన కరెంటుని వరసబెట్టి తిడుతూనే పని చేస్తాడు. అంతటివాడూ ఒక కుక్కపిల్లకి లొంగిపోయాడు.

దాని తల్లి అతని అద్దకం బల్ల కిందే ఈనింది. మిగతా పిల్లల్ని ఎవరెవరో పట్టుకుపోగా, కరక్కాయ నీళ్ళలో ముంచి తీసిన గుడ్డలా లేత పసుపు రంగులో ఉన్న ఈ ఒక్కటీ మిగిలింది. పేరు కూడా కరక్కాయే. ఇంట్లో ఉంచి వస్తే వెనకాలే అద్దకం షెడ్డుకి వచ్చేసేది. వచ్చి బుద్ధిగా ఉంటే బాధ లేదు. ఎండలో ఆరేసిన గుడ్డలు దానికి పరుపులు. తడి రంగు తొక్కి, ఆ కాళ్ళతోనే పక్కనున్న గుడ్డ తాను మీదికి నడిచేది. తాడు కడితే కొరికేసేది.

షెడ్డు యజమాని గిరిధర్ చిన్నప్పుడు తాతారావు భుజాలెక్కి తిరిగినవాడే. ఒకరోజు పాడైన తాను పట్టుకుని వచ్చాడు.

"బాబాయ్, నీ మొహం చూసి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇంకొక్కటి పాడైందంటే దీన్ని బందర్లో ఎవరికైనా ఇచ్చేస్తాను. నువ్వు అడ్డం రాకూడదు."

"అలాగే బాబూ" అన్నాడు తాతారావు. అనేశాడు గానీ, దాన్ని వదులుకోవడం అతనివల్ల అయ్యే పని కాదు.

పాత కోళ్ళగూటికి కొత్త జాలీ కొట్టి షెడ్డు వెనక నీడలో పెట్టాడు. లోపల ఎండుచేప వేశాడు. కరక్కాయ ఆబగా దూరింది. అదే అదనని తాతారావు టక్కున గడియ పెట్టాడు. ఇక అది ఏడ్చిన ఏడుపుకి పక్క షెడ్డువాళ్ళు కూడా పని ఆపి వచ్చారు. మర్నాటినుంచి గూడు కనబడితే చాలు, తోక ముడిచి పారిపోయేది. అతను చేత్తో పెట్టిన ముద్దని కూడా అనుమానంగా వాసన చూసేది. తాతారావు మనసు చివుక్కుమంది.

ఇంటికెళ్ళి గూటిని తిట్టడం మొదలుపెట్టాడు. భార్య మంగతాయారు వింటూ వింటూ అందుకుంది.

"గూడేం చేసిందండీ? తిండి ఆశ చూపించి తలుపేసింది మీరు. నన్నలా చేస్తే మీ చేతి కాఫీ నేనైనా తాగుతానా?"

"మరేం చెయ్యమంటావే? ఇచ్చేస్తానంటున్నాడు గిరిబాబు."

"ముందా తలుపు పీకెయ్యండి. అదెక్కడ హాయిగా పడుకుంటుందో అక్కడ పెట్టండి గూడు. మీకు వీలైన చోట కాదు."

గొణుక్కుంటూనే తలుపు ఊడదీశాడు. అదెక్కడ పడుకుంటుందా అని చూస్తే, తన బల్ల కిందే. నెత్తిమీద ధబ్ ధబ్‌మని పోట్లు పడుతుంటే, పుట్టిన దగ్గర్నుంచీ విన్న చప్పుడు కాబోలు, వెల్లకిలా పడి నిద్రపోయేది. చప్పుడు ఆగితే లేచి గుడ్డలమీద పడేది. ఇన్నాళ్ళూ ఇది కానలేదేమని తాతారావు తనని తానే తిట్టుకున్నాడు.

గూటిని బల్ల కిందికి జరిపి, లోపల పాత గోనెపట్టా పరిచాడు. పిలవలేదు, ఎర వెయ్యలేదు. తన మానాన తను అచ్చు కొట్టుకుంటూ పోయాడు. కరక్కాయ ఒకరోజు తల పెట్టి తీసేసింది. ఇంకోరోజు ముందుకాళ్ళు పెట్టింది. చివరికి ఒకనాడు వంగి చూస్తే లోపల గుర్రు పెడుతోంది. "దొరగారు గృహప్రవేశం చేశారండోయ్!" అని షెడ్డంతా చాటాడు. తర్వాత మెల్లగా, ఊడదీసిన తలుపు మళ్ళీ బిగించాడు. కాసేపు వేసి, అది బెంగపడకముందే తీసేవాడు. ఆ కాసేపు రోజురోజుకీ పెరిగింది.

పెద్ద ఆర్డరు గుడ్డలు దొడ్డినిండా ఆరేసిన రోజున, తాతారావు తానులు ఉతకడానికి కాలవకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గిరిధర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"బాబాయ్, గూడు గడియ పెట్టకుండానే వెళ్ళిపోయావు."

గుడ్డలకేసి చూసే ధైర్యం లేక తాతారావు తిన్నగా బల్ల దగ్గరికి పరిగెత్తి వంగాడు. తలుపు బార్లా తీసి ఉంది. కరక్కాయ లోపలే ఉంది, మెలకువగా, గుమ్మంకేసి చూస్తూ.

"నేనూ పిలిచాను, బిస్కెట్టు కూడా చూపించాను. కదల్లేదు" అన్నాడు గిరిధర్.

ఏదో తిట్టబోయాడు తాతారావు. అంతలో కళ్ళు చెమర్చాయి. తడిబట్టలతోనే నేలమీద చతికిలబడ్డాడు.

"వచ్చేశాన్రా" అన్నాడు.

అప్పుడు వచ్చింది.