యాదక్క పీట మీది పసుపు

మా చిన్నప్పుడు... హైదరాబాదు పక్క కొత్తగూడలో ఫ్లైఓవరూ లేదు, దాని కింద ఇరుక్కునే కార్లూ లేవు. బండరాళ్లు, సీతాఫలం చెట్లు, మా నాన్నగారు హెడ్మాస్టరుగా ఉన్న రెండు గదుల బడి... కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మాకు దాని పక్కనే కిరాయి ఇల్లు.

ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని ఆ రెండు గదుల్లో ఒకదాన్ని నాన్నగారు మ్యూజియం చేశారు. పిల్లలంతా తలా ఒక పాత వస్తువు తేవాలి. హెడ్మాస్టరు కూతురి వస్తువు అందరికంటే గొప్పగా ఉండాలని ఆయన అనలేదు... నేనే అనుకున్నాను. ఆ జబ్బు నాకు పుట్టుకతోనే ఉంది.

మా ఇంట్లో పాతవేవీ లేవు. మా అమ్మ అన్నిటినీ తోమి తోమి కొత్తవి చేసేసేది! అందుకని ఎదురింటికి వెళ్లాను. అక్కడ మల్లవ్వ, ఆవిడ మనవరాలు యాదక్క ఉండేవారు. పాకే వయసులోనే యాదక్కకు తల్లి పోయింది.

వాళ్ల అటక మీద ఒక టేకు పీట ఉండేది. వాడకట్టులో ఏ పిల్ల పెళ్లయినా దాని మీద కూర్చోబెట్టే నలుగు పెట్టేవారు. తర్వాత దాన్ని కడగరు. ఒకరి పసుపు మీద ఇంకొకరి పసుపు...

"సారు బిడ్డవని ఇస్తున్న," అంది మల్లవ్వ.

యాదక్క పీటను నా చేతుల్లో పెడుతూ, "జర పైలం చెల్లె. మా అమ్మ పసుపు గిండ్లనే ఉన్నది. రేపు నా పెండ్లికి నేను దీని మీదనే కూసోవాలె," అంది.

చూశారా... తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా చెప్పింది.

కానీ పీట జిడ్డోడుతోంది. పక్క పిల్ల తెచ్చిన ఇత్తడి చెంబేమో తళతళలాడుతోంది. పెరట్లో కూర్చుని బూడిద, కొబ్బరి పీచు పట్టుకుని మా అమ్మ కూతురిననిపించుకున్నాను. తడి బూడిద తగలగానే పసుపంతా ఎర్రబడింది. ఆ ఎర్రటి నీళ్లు అరటిచెట్టు పాదులోకి పోతుంటే ఒక్క క్షణం చెయ్యి ఆగింది... మళ్లీ తోమాను.

పీట ముందు అట్టముక్క పెట్టాం. "కర్ర పీట. కూర్చొనుటకు ఉపయోగించెదరు." దస్తూరీ నాదే. ఇన్‌స్పెక్టరు గారు "ఎంత శుభ్రంగా ఉందో!" అని మెచ్చుకున్నారు.

మూడో రోజు తిరిగి ఇచ్చేశాను. మల్లవ్వకు చూపు ఆనదు. చేత్తో తడిమింది, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిదేంది బిడ్డా... గిది మా పీటనేనా?"

"బళ్లో ఎవరో కడిగేశారు అవ్వా."

యాదక్క నా చేతుల వంక చూసింది. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు. గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"పోనియ్ అవ్వా... పీటైతే ఉన్నది గద," అంటూ లోపలికి తీసుకుపోయింది.

మరుసటి ఏడు ఆమె పెళ్లి. తోమిన ఆ పీట మీదే కూర్చుంది. ముత్తైదువలంతా పసుపు గిన్నెతో నిలబడితే, "ముందుగాల సారు బిడ్డ పెట్టాలె," అని మొండికేసింది.

"గది చిన్నపిల్ల, దానికేం ఎర్కనే?" అంది వాళ్లలో ఒకావిడ.

"దానికే ఎర్క. పెట్టనియ్యుండ్రి."

పెట్టాను. ఒక్క పసుపు చుక్క కారి పీట మీద పడింది. తప్పు ఒప్పుకోవడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాలేదు. ఎక్కడా మూతపడని నా నోరు, అక్కడ మూతపడింది.

మొన్న మా మనవరాలు తన ఆఫీసు చూపించింది. అద్దాల మేడలో అద్దాల పెట్టె, అందులో వార్నిష్ కొట్టిన పీట ఒకటి.

"దీని మీద ఎవరు కూర్చున్నారే?" అనడిగాను.

"ఎవరూ కూర్చోకూడదు అమ్మమ్మా, అలారం మోగుతుంది."

పక్కన చీటీ మీద కర్ర పేరు, కొలతలు. నేను రాసిన అట్టముక్కే... ఇంగ్లీషు నేర్చుకుని వచ్చింది.

యాదక్క చందానగర్‌లో ఉందట. ఫోన్ నంబరు సంపాదించి నెలైంది. నలుగురికీ చెప్పుకున్నాక వెనక్కి తగ్గలేనని ముందు ఇక్కడ రాస్తున్నాను. కడిగింది నేనే, అక్కా... నీకు తెలుసని కూడా తెలుసు.

మీ ఇళ్లలో ఏ పాత వస్తువు మీదైనా మరక ఉంటే, తోమేముందు అది ఎవరిదో అడగండి... కడిగేసిన వాళ్లుంటే, మొహమాటపడకుండా కింద రాయండి, నాకు తోడుంటారు. ఇప్పుడు వస్తువులన్నీ ఎంత శుభ్రంగా ఉన్నాయో... ఎవరివో చెప్పలేనంత శుభ్రంగా.