మోగని మొద్దు తీగ

ఆర్మూర్ మార్కెట్ యార్డు రోడ్డు మీద మా జిరాక్స్ షాపును ఆనుకుని స్వర్ణలత షాపు ఉంటుంది. నాది చిన్న షాపు, పెద్ద నోరు. ఆమెది ఇంకా చిన్న షాపు, నోరు లేనే లేదు. కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేయడం వాళ్ల పని. భర్త తుకారాం బోర్ల నుంచి మోటార్లు ఎత్తుకొచ్చి విప్పుతాడు. లోపల రాగి తీగ చుట్టేది మాత్రం స్వర్ణలతే. అంకాపూర్ రైతులు కూడా మోటారు దించి, "ఆమెతోనే చుట్టియ్యి" అని తుకారాంకు చెప్పి మరీ పోతారు. ఆ మాట వినబడనట్టు ఆమె తల వంచుకుని చుడుతూనే ఉంటుంది.

మెండోర నుంచి కోడలుగా వచ్చినప్పుడు ఆమెకు స్క్రూడ్రైవర్ పట్టడం కూడా రాదు. నేర్పింది అత్త ముత్తెమ్మ. ఒకప్పుడు ఈ రోడ్డులో వైండింగ్ చేసిన ఆడమనిషి ముత్తెమ్మ ఒక్కతే. ఇప్పుడు కంటిచూపు మసకబారి పని మానేసింది గానీ షాపు మానలేదు. రోజూ గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, లోపల జరిగేదంతా చెవులతో చూస్తుంది. కోడలిని మెచ్చుకోగా నేను ఒక్కసారి కూడా వినలేదు.

మూడేళ్ల కింద ఒక ఆర్కెస్ట్రా వాళ్లు ఆంప్లిఫయర్ రిపేరుకు తెచ్చి, దాంతో పాటు పనికిరాని ఎలక్ట్రిక్ గిటారు ఒకటి వదిలేసి పోయారు. పసుపు రంగు చెక్కతో చేసిన పాత గిటారు. స్వర్ణలత దాన్ని విప్పి చూసి, నన్ను పిలిచింది. తీగల కింద వెంట్రుకంత సన్నటి రాగి తీగతో చుట్టిన కాయిల్ ఉంది. "భూమన్నా, గిది గూడ మన వైండింగే" అంది. అన్నేళ్లలో ఆమె ముఖం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. తెగిన చోట అతికించి, ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక గంటసేపు ఫోన్‌లో చూసి నేర్చుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో ఆ మోత భరించలేక నేను షట్టరు సగం దించుకునేవాణ్ణి. ముత్తెమ్మ అయితే దాన్ని గిటారు అని ఎప్పుడూ అనలేదు, "గా డబ్బా" అనే అనేది.

ఈ దసరాకు వారం ముందు నిజామాబాద్ ఆర్కెస్ట్రా నడిపే నరేష్ నా దగ్గరికి జిరాక్స్‌కు వచ్చాడు. గోడ అవతల వాయిస్తున్నది ఎవరని అడిగి, కాగితాలు నా దగ్గరే మరిచి ఆమె షాపులోకి పోయాడు. వాళ్ల గిటారు మనిషి మానేశాడట. దసరా తర్వాతి ఆదివారం పొద్దున మాక్లూర్‌లో ప్రాక్టీసు ఉంది, వచ్చి అందరి ముందు వాయించమన్నాడు. కామారెడ్డి నుంచి ఇంకొకాయన కూడా వస్తున్నాడు, ఎవరు నచ్చితే రాబోయే పెళ్లిళ్లకు వాళ్లే అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల వయసున్న స్వర్ణలత తన కోసం ఒకటి కావాలని అడగడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. "అన్నా, ఒక్కసారి మందిల వాయించాలె. అటెన్క ఏదన్న గానీ" అంది.

దసరాకు మూసిన షాపు శనివారమే తెరిచారు. ఆదివారానికి ఒక్క రోజు మిగిలి ఉండగా, ఆ మధ్యాహ్నం గిటారు తీసి వాయించబోతే అన్నింటికంటే లావు తీగ, ఆమె మొద్దు తీగ అని పిలిచేది, మోగలేదు. మీటితే డుబ్బుమని అక్కడే చచ్చిపోతోంది. ఆమె వాయించబోయే పాట మొదలయ్యేదే ఆ తీగను వేలితో నొక్కకుండా వదిలి మీటడంతో.

నాకు తెలియని విద్య లేదు కాబట్టి, తీగ తుప్పు పట్టింది, మార్చమన్నాను. మార్చింది. అదే డుబ్బు. అయితే కాయిల్ పోయిందని తేల్చేశాను. ఆమె నా మాట నమ్మి స్క్రూడ్రైవర్ అందుకుంది. వెంట్రుకంత తీగ, కాస్త తగిలితే తెగుతుంది. తెగితే రేపటికి గిటారు లేదు.

స్టూలు మీద నుంచి ముత్తెమ్మ, ఏం విప్పుతున్నావని అడిగింది. కాయిల్ అని చెప్పింది స్వర్ణలత.

"తక్కిన తీగలు మోగుతున్నయా?"

"మోగుతున్నయి, అత్తా."

"కాయిల్ పోతే అన్నీ పోవాలె గదా. నేను నీకు ఏం నేర్పిన? ముందుగాల యాడ మంచిగున్నదో సూడు. గా భూమయ్య మాటలు ఇంటున్నవ్ నువ్వు."

స్వర్ణలత స్క్రూడ్రైవర్ కింద పెట్టి, మోటారు పరీక్షించినట్టే మొదలుపెట్టింది. ఆంప్లిఫయర్ ఆపి ఉత్తగా మీటింది. అప్పుడూ డుబ్బే, అంటే తప్పు కరెంటుది కాదు. తర్వాత మొద్దు తీగను గిటారు మెడ మీది ఇనుప మెట్లలో మొదటి దాని దగ్గర వేలితో నొక్కి మీటింది. గణగణ మోగింది. రెండో మెట్టు, మూడో మెట్టు, అన్ని చోట్లా మోగింది. వేలు తీస్తే మళ్లీ మూగది. తీగ మంచిదే, మెట్లు మంచివే. నొక్కకుండా వదిలినప్పుడు తీగ ఆనేది ఒక్క చోటే, మెడ చివరి ఎముక పట్టీలో కోసిన గాటు మీద. మిగిలింది అదొక్కటే.

తీగ వదులు చేసి పక్కకు జరిపి ఫోన్ లైటు వేసింది. గాటు నిండా ఏదో మెత్తగా పేరుకుపోయి ఉంది. గట్టి ఆనిక లేక తీగ ఆ మెత్తలోనే సోలిపోతోంది. మోటారులో తీగ కూర్చే స్లాట్లు శుభ్రం చేసే వెదురు పుల్లతో మెల్లగా గీకి, వేలి కొనకు అంటించుకుని వాసన చూసింది. పసుపు. చెక్కా పసుపు రంగే, పట్టీ కూడా పాతబడి పసుపెక్కిందే కాబట్టి ఇంతసేపూ కనబడలేదు.

ఈ బజారులో దసరాకు ప్రతి మిషనుకూ బొట్టు పెడతారు. నేను నా జిరాక్స్ మిషనుకు పెడతాను. వాళ్ల షాపులో ఆ పూజ ముత్తెమ్మదే, ఇంకెవరినీ చేయనివ్వదు. ఈసారి కూడా మీటర్లకు, సుత్తులకు, వైండింగ్ మిషనుకు తడి పసుపు, దాని మీద కుంకుమ పెట్టింది. గిటారు మాత్రం మూలన సంచిలోనే ఉండిపోయిందని నేనూ స్వర్ణలతా అనుకున్నాం.

స్వర్ణలత వేలు అలాగే చాపి అత్త వైపు చూసింది. ముత్తెమ్మ మొహం రోడ్డు వైపు తిప్పుకుంది. రోడ్డు మీద మక్కజొన్నల ట్రాక్టరు ఒకటి పోతోంది, అదేదో వింత అయినట్టు చాలాసేపు చూసింది. తర్వాత తనే చెప్పింది.

"నీ చేతి సామాన్లన్నిటికి పెట్టిన. గా ఒక్కదాన్ని ఇడిసిపెడితే మనసొప్పలే. కుంకుమ పెడితే నీకు కనబడ్తదని ఉత్త పసుపే పెట్టిన. కండ్లు ఆనక గాటుల పడ్డది."

స్వర్ణలత గిటారు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. మూడేళ్లుగా "గా డబ్బా" అంటున్న మనిషి, దాన్ని అన్నం పెట్టే పనిముట్ల వరసలో చేర్చి, ఆ సంగతి మాకు తెలియకుండా దాచుకుంది.

గాటు శుభ్రం చేసి తీగ బిగించి మీటితే మొద్దు తీగ నా షాపు అద్దాలు అదిరేట్టు మోగింది. నేను షట్టరు దించలేదు.

ఆదివారం పొద్దున ఆటో వచ్చి నిలబడ్డాక ముత్తెమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. బొట్టు ఎక్కడ పెడితే తీగలకు అడ్డం రాదో చూపించమంది. స్వర్ణలత ఆమె వేలు పట్టుకుని గిటారు వెనక నడిమధ్యలో ఆనించింది. ఈసారి పసుపు, దాని మీద ఎర్రగా కుంకుమ.

మాక్లూర్‌కు నేనూ పోయాను. కామారెడ్డి ఆయన వేళ్లు ఈమెకంటే వేగం, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఈమె మొదట మొద్దు తీగ మీటగానే, తబలా సర్దుకుంటున్న మనిషి చేతులు ఆపి తలెత్తాడు. పాట అయ్యాక నరేష్ ఇద్దరినీ కూర్చోబెట్టి, కార్తీకంలో మొదటి రెండు పెళ్లిళ్లకు స్వర్ణలతను రమ్మన్నాడు. ఆ తర్వాతవి ఆ రెండూ చూసి చెబుతానన్నాడు.

ఆమె బయటికొచ్చి ముందు ఫోన్ చేసింది అత్తకే. స్పీకరు పెట్టింది కాబట్టి నేనూ విన్నాను.

"అత్తా, మోగింది. రమ్మన్నరు."

అటు నుంచి ముత్తెమ్మ వెంటనే అందుకుంది.

"మోగదా మరి? గీసారి సక్కంగ పెట్టిన గదా, బిడ్డా."