పెదనాయన కారుకి ఎర్ర సీట్లు

ఉదయగిరి, దుత్తలూరు, వరికుంటపాడు మండలాల ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా: మా వీధి కోళ్లు ఇకమీదట రోడ్డు మధ్యలో నిర్భయంగా పడుకోవచ్చును. వాటిని హారన్ కొట్టి లేపే నల్ల ల్యాండ్‌మాస్టర్ కారు ఇక ఆ దారిన రాదు. కోళ్లు ఇంకా నమ్మినట్టు లేదు. గోడవారగానే తిరుగుతున్నాయి.

ఆ కారు నడిపే మా పెదనాయన మొన్న ఆదివారం పొద్దున పోయాడు. చర్చికి బయల్దేరి, మంచం మీద కూర్చుని చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడట. పై బొత్తాం పెట్టుకోలేదు.

ఆయనకీ నాకూ రక్తసంబంధం లేదు. పక్కిల్లు, అంతే. నేను ఏడో తరగతిలో బడి మానేసి, బస్టాండు దగ్గర పంక్చర్లు వేస్తూ బతుకుతున్నవాణ్ణి. రాని బస్సు వచ్చిందని చెప్పి ప్రయాణికుల్ని పరిగెత్తించడంలో నాకు కొంచెం పేరుంది. ఆ పేరు తెలిసి కూడా నా మాట నమ్మిన మనిషి ఈ ఊళ్లో ఆయనొక్కడే.

వయసులో ఉన్నప్పుడు పెదనాయన మిషన్ ఆస్పత్రిలో డ్రైవరు. విదేశం నుంచి వచ్చిన డాక్టరమ్మనీ, ఆమె చిన్న కూతుర్నీ ఆ కారులోనే పల్లెలకు తిప్పేవాడు. ఆ పిల్లని అందరూ బేబమ్మ అనేవాళ్లు. వాళ్లు దేశం వదిలి వెళ్లే రోజు, నెల్లూరులో రైలుకని తీసుకుపోతుంటే, ఆత్మకూరు దాటాక, సంగం ఇంకా రాకముందే కారు ఆగిపోయింది. ఎంత తిప్పినా లేవలేదు. సామాను లారీకి ఎక్కించి, "ఇది చచ్చిపోయింది, వదిలెయ్" అని చెప్పి వెళ్లిపోయిందట డాక్టరమ్మ. లారీ కదులుతుంటే బేబమ్మ చెయ్యి ఊపింది కారుకట, ఆయనకి కాదట. ఇది చెప్పేటప్పుడు పెదనాయన నవ్వేవాడు. తర్వాత ఆస్పత్రివాళ్లు ఆ కారుని ఆయనకే ఇచ్చేస్తే, ఎడ్లు కట్టి ఇంటికి లాక్కొచ్చుకున్నాడు.

రిటైరయ్యాక గానీ దాని బానెట్ ఎత్తలేదు. ఇంటి ముందు రేకుల పంచలో సరుగుడు బాదులు మూడు కలిపి కట్టి, గొలుసు వేసి, ఇంజను పైకి లేపాడు. విప్పిన ప్రతి ముక్కనీ పాత దుప్పటి మీద విప్పిన వరసలోనే పేర్చేవాడు. పెద్దమ్మ కూడా ఆ దుప్పటి చుట్టూ తిరిగి పోవాల్సిందే. ఒకరోజు ఆయన కారు కింద పడుకుని ఉన్నప్పుడు నేను ఒక నట్టు తీసి ఇంకోచోట పెట్టాను.

"అబ్బయా," కింద నుంచే అన్నాడు, "దాన్ని దాని ఇంట్లో పెట్టు."

బోల్టు ఊడకపోతే నేను సుత్తి తీసేవాణ్ణి. "దాన్ని కొట్టబాక, తిట్టబాక. కాస్త కిరసనాయిలు పోసి, పోయి కూడు తినేసి రా" అనేవాడు. తినేసి వచ్చేసరికి వచ్చేది. పని అయ్యాక కుంకుడు నురగతో చేతులు కడుక్కుని ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఇంకా ఆయిలు వాసన వస్తుంటే సంబరం. "మీ పెద్దమ్మకి చెప్పబాక" అని నాకు చెప్పేవాడు, పెద్దమ్మ అక్కడే నిలబడి ఉండగా.

ట్యూబుల కోసం నెల్లూరు పోయినప్పుడు అక్కడ కొత్తగా తెరిచిన నెట్ సెంటరు చూసి వచ్చి, ఆయన దగ్గర గొప్పలు కొట్టాను.

"ఫోటో ఒకటి దాంట్లోకి ఎక్కిస్తే యే దేశమోళ్లయినా చూడొచ్చంట పెదనాయనా."

"యే దేశమోళ్లయినానా?"

"ఆ."

"మనం చూడమని చెప్పకుండానే చూస్తారా?"

"చూస్తారు. వాళ్లకి మాత్రం ఏం పని ఉండాది."

ఆయన చేతిలో స్పానర్ పక్కన పెట్టాడు. "కారు లేసినాదని బేబమ్మకి తెలిస్తే చాలురా. చచ్చిపోయిందనుకునే పోయినారు తల్లీబిడ్డలు."

ఆ వారమే స్టూడియో ఆయన దగ్గర పాత కెమెరా ఒకటి కొన్నాడు. చేసిన పనికల్లా ఫోటో, ఫోటో వెనక నాలుగు మాటలు. తప్పు చేస్తే అదీ రాసేవాడు. 'వాల్వులు అరగదీసినాను. ఒకటి ఎక్కువ అరిగింది. తప్పు నాదే.' నేను తీసుకుపోతే నెట్ సెంటరు ఓనరు వాటిని ఇంగ్లీషులోకి మార్చి ఫోటోలతో పాటు ఎక్కించేవాడు. చూసినవాళ్లు ఏమన్నా చెప్పదల్చుకుంటే రాయడానికి కింద చోటు ఉంటుందని అతనే చూపించాడు. ఆ చోటు ఎప్పుడు చూసినా ఖాళీ.

నేను బస్సు దిగేసరికి పెదనాయన నా కొట్టు ముందు నిలబడి ఉండేవాడు. "ఎవురన్నా రాసినారా?"

ఒకసారి నా నోరు ఊరుకోలేదు. "ఆస్ట్రేలియా దొర ఒకాయన రాసినాడు. క్లచ్ ప్లేటు తిరగేసి పెట్టినావంట."

"ఫోటోలో అంత బాగా కనపడిందా?" అన్నాడాయన. ఇంటికి పోయి గేర్‌బాక్సు మొత్తం దించాడు. ప్లేటు సరిగ్గానే ఉంది. ఎగతాళికి అన్నానని తర్వాత నేనే చెప్పేశాను. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం.

ఎండాకాలానికి ఇంజను మళ్లీ కారులోకి చేరింది గానీ లేవలేదు. మళ్లీ దించి ఆత్మకూరు లేత్ షాపుకి తీసుకుపోయి తెచ్చినా లేవలేదు. ఒక సాయంత్రం నేను పోయేసరికి ఆ దుప్పటి తీసి కారు మీద కప్పేసి, బనీనుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఇంక చాల్లేరా. డాక్టరమ్మ సరిగ్గానే చెప్పింది."

ఆ మాట వినలేకపోయాను. ఏదో ఒకటి అనాలి. అన్నాను.

"బేబమ్మ రాసింది పెదనాయనా."

"ఏ బేబమ్మ?"

"ఇంకే బేబమ్మ."

ఆయన లేచి లోపలికి పోయి చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ కబురు బనీనుతో వినదల్చుకోలేదు.

"చెప్పు. ఏం రాసింది?"

"కారుని గుర్తుపట్టిందంట. ముందు సీట్లో కూచుండేదంట. ఆ ఎర్ర సీట్లు ఇంకా కళ్లల్లో ఉండాయంట."

గడపలో నుంచి పెద్దమ్మ అంది: "ఎర్రయి ఏందిరా, అవి పచ్చయి గదా."

పెదనాయన చెయ్యెత్తి ఆమెను ఆపాడు. "చిన్నబిడ్డ. మర్చిపోయుంటాది. ఎరుపంటే ఎరుపే."

చిరిగిపోయిన సీట్ల నుంచి పచ్చ రెక్సిన్ ముక్క ఒకటి కోసి ఆయన జేబులో పెట్టుకుని తిరిగేవాడు. అదే రంగు కోసం ఎన్నాళ్లుగానో వెతుకుతున్నాడు. ఆ ముక్కని పొయ్యిలో వేసి, మర్నాడు ఆత్మకూరు పోయి ఎర్ర రెక్సిన్ తెచ్చాడు. తనే కుట్టాడు. సీట్లు బిగించాక దుప్పటి తీసేసి మళ్లీ ఇంజను మీద పడ్డాడు. కార్బురేటర్ లోపల ఎక్కడో చిన్న బెజ్జం మూసుకుపోయి ఉంది. అది ఊదాడు. కారు లేచింది. వీధి వీధంతా పొగ.

ఊరంతా తిప్పుతాడనుకున్నాను. నన్ను ఎక్కించుకుని నేరుగా సంగం దారి పట్టాడు. ఆత్మకూరు దాటాక ఒకచోట పక్కకి తీసి ఆపాడు. చూడటానికి అక్కడ ఏమీ లేదు. ఒక కల్వర్టు, అవతల వరి.

"ఈడేరా ఆగిపోయింది. ఫోటో తియ్యి. ఇంజను మాత్రం ఆపేది లేదు."

"ఇంజను ఆడతా ఉండేది ఫోటోలో ఎట్టా తెలస్తది పెదనాయనా?"

ఆయన జేబులో నుంచి చేతిరుమాలు తీసి, సైలెన్సర్ గొట్టం దగ్గర వంగి, రుమాలుని ఆ గొట్టం మూతి దగ్గర పట్టుకున్నాడు. పొగకి రుమాలు ఎగిరింది. "ఇప్పుడు తెలస్తది. బిడ్డకి తెలస్తది" అన్నాడు. దగ్గు వస్తున్నా నేను తీసేదాకా అట్లాగే వంగి ఉన్నాడు.

ఆ ఫోటో ఎక్కించి వచ్చిన రోజు కూడా కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. బేబమ్మ చూసి ఏడ్చిందంట అని చెప్పాను. "అమ్మకి చూపించిందా?" అన్నాడు. చూపించిందంట అన్నాను. ఆయన తల ఆడించి, ఇంకేమీ అడక్కుండా ఇంటికి నడిచి వెళ్లాడు.

సమాధి దగ్గర నుంచి వచ్చాక పెద్దమ్మ నన్ను పక్కకి పిలిచింది. "బేబమ్మకి ఒక మాట తెలపరా అబ్బయా. పైదేశంలో ఉండి కూడా ఆయన పని చూసింది ఆ బిడ్డొకటే."

మర్నాడు నెల్లూరు పోయాను. బేబమ్మని వెతుకుతానన్నాడు నెట్ సెంటరు ఓనరు. "పేరేంది?"

"బేబమ్మ."

"అసలు పేరు?"

నాకు తెలియదు. పెద్దమ్మకీ తెలియదు. పెదనాయనకి తెలిసే ఉంటుంది, నేనే ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఆయన బతికున్నప్పుడే నిజంగా వెతికి ఉండొచ్చు. అతను ఆ పేజీ తెరిచాడు. రుమాలు పట్టుకుని వంగిన మనిషి, కింద ఖాళీ చోటు. డ్రైవరు పోయాడని అక్కడ రాయమన్నాను. రాశాడు. ఆ చోటులో ఇప్పటికీ ఉన్నది ఆ ఒక్క మాటే.

దీన్ని అచ్చుకి ఇచ్చేముందు పెద్దమ్మ దగ్గర కూర్చుని మొత్తం చదివాను. సీట్ల దగ్గర ఆపి మళ్లీ చదవమంది. చదివాను. కొంగు మడతలు సవరించుకుంది.

"ఇంటికి వస్తా ఉండు," అంది. "కారు కాడికి మాత్రం పోబాక."

కాబట్టి చదివిన మీకు కూడా చెప్పాలి. ఆస్ట్రేలియా దొర లేడు, నేను కల్పించాను. బేబమ్మ ఎర్ర సీట్ల మాట రాయలేదు, ఏడవలేదు, తల్లికి చూపించలేదు. ఆమె ఆ కారుని చూసిందో లేదో నాకు తెలియదు. క్లచ్ సంగతి ఎగతాళి అని పెదనాయనకి చెప్పానని పైన రాశాను. అదీ అబద్ధమే, పెద్దమ్మకి చదివేటప్పుడు కూడా దిద్దలేకపోయాను. ఆయనకి ఏనాడూ చెప్పలేదు. ఇద్దరం నవ్వుకోలేదు. ఆయన గేర్‌బాక్సు దించుతుంటే, నేను టీకొట్టు దగ్గర నిలబడి నలుగురికీ చెప్పి నవ్వాను.